కాయిదం బోర్ల పెట్టి చెప్పు బిడ్డా

నా జాగల సుజాత అని కొత్త పిల్ల చేరింది. డిగ్రీ చదివింది. "అవ్వా, గీ రూంల నువ్వు చేసిన పనేందో జర చెప్పు, రాసుకుంట" అన్నది. నాకు అక్షరాలు రావు, అంకెలొస్తయి. సంతకం పెడ్త, అది గూడ నిమ్మళంగ. అందుకే నేను చెప్తున్న, ఆమె రాస్తున్నది. నడుమ నడుమ ఆపి, "అవ్వా, ఇది గూడ రాయాల్నా?" అంటున్నది. నేనన్నది అన్నట్టు రాయి బిడ్డా అన్న.

ఎప్పుడు చేరిన, ఎప్పుడు పర్మనెంటు చేసిండ్రు, పీఎఫ్ కోసం ఎన్నిసార్లు తిరిగిన, అవన్నీ వద్దు. అవి ఆఫీసు ఫైల్ల ఉన్నయి. ఫైల్ల లేనియి చెప్త.

నౌకరి

నా పేరు అండాలు. మొయినాబాద్ దాటినంక ఫాంహౌసుల నడుమ ఒక పెద్ద బడి ఉన్నది. హాస్టలు, ఈతకొలను, గుర్రాలు తోలే మైదానం, అన్నీ ఉన్న బడి. మా ఆయన రాములు ఆ బడి బస్సు తోలెటోడు. ఒకనాడు బస్సు షెడ్డుల పెట్టి, తాళం ఇచ్చి, ఇంటికొచ్చి, ఛాతి పట్టుకొని కూసున్నడు. దవాఖానకు చేరనే లేదు. అప్పుడు నాకు నలభై రెండేండ్లు. మూడు నెల్లకు బడోళ్లు పిలిచి ఏమన్న పని చేస్తవా అన్నరు. నేను చేవెళ్ల మార్కెట్ల కూరగాయలు అమ్మినదాన్ని. "ఏదైన చేస్త సారూ, రాసుడు చదువుడు తప్ప" అన్న. చాయ్ పెట్టుడు వస్తదా అన్నరు. గట్ల చేరిన.

నన్నేసింది కాలేజీ ఫారాల రూంల. పన్నెండో తరగతి పిల్లలు ఏ కాలేజీకి ఫారం నింపాలె, దాంతోని ఏ పరీక్ష మార్కు పంపాలె అని తేల్చుకునే రూం అది. మన ఎంసెట్, జేఈఈ ర్యాంకులు కొందరివి. శాట్ అని అమెరికా వాళ్ల పరీక్ష ఒకటి ఉన్నది, అది ఎక్కువమందిది. మన దేశంల గూడ కొన్ని పెద్ద యూనివర్సిటీలు ఆ మార్కు తీసుకుంటయి.

ఈ శాట్ తోనే పరేషాన్ అంత. ఎంసెట్ కు ఒక ర్యాంకు వస్తది, అదే నీది, ఏడ్చినా నవ్వినా అదే. శాట్ అట్ల కాదు. రెండుసార్లు, మూడుసార్లు రాయొచ్చు. ఏ తారీకుది పంపాలెనో నువ్వే ఏరుకోవచ్చు. కొన్ని కాలేజీలు అన్నీ పంపాలె అంటయి. కొన్ని, నీ ఇష్టముంటేనే పంపు, లేకుంటే వద్దు అంటయి. ఒక తారీకుది పంపితే అండ్ల ఇంగ్లీషు మార్కు, లెక్కల మార్కు రెండూ పోతయి. మంచి టమాటలు పైన పెట్టి మెత్తటియి కింద దాచినట్టు కుదరదు. పదిహేడేండ్ల పిల్లకు ఇంత ఏరుకునే పని పెడితే నిద్ర పడ్తదా? అట్ల నిద్ర పట్టని పిల్లలే మా రూంకు వచ్చెటోళ్లు.

బయటోళ్లకు నాది చాయ్ పని. నేనూ మొదట్ల గట్లనే అనుకున్న.

ఉత్తగొచ్చిన నాలుగు

నేను చేరినప్పుడు ఆ రూంల ఒక పాత సారు ఉండె. మంచోడే. పొద్దుగాల అందరికన్న ముందు వచ్చెటోడు, పిల్లల పేర్లు మర్చిపోకపోతుండె. కానీ ఆయన లెక్క పూలమార్కెట్ వేలం లెక్క ఉండె. ఎవరి అంకె పెద్దదో వాళ్లకు ముందు కుర్సీ. చిన్న అంకె వచ్చిన పిల్లలు దర్వాజ కాడ నిలవడి నిలవడి, నా చేతుల చాయ్ తాగి పోయెటోళ్లు.

ఆ పరీక్షకు పేరు రాయించుకునేటప్పుడు ఒకటి అడుగుతరు: నాలుగు కాలేజీల పేర్లు చెప్తే నీ మార్కు మేము ఉత్తగనే పంపుతం, అని. ఉత్తగనే నిజం. కానీ ఆ ఉత్త పంపుడుకు గడువు మార్కు రాకముందే అయిపోతది. పాత సారు ఏమనెటోడు, "ఊరికే ఇస్తుంటే ఎందుకు విడిచిపెడ్తరు, నింపుండ్రి" అనెటోడు.

చేవెళ్లల బట్టల దుకాణపు షావుకారి కొడుకు కార్తీక్ అని ఒకడుండె. నెమ్మదిగ మాట్లాడే పోరడు. వాళ్ల నాయిన దుకాణంల చీర కొంటే జాకెట్టు ముక్క ఉత్తగ ఇచ్చెటోళ్లు. ఉత్తగొచ్చేదాన్ని కాదంటే ఆ ఇంట్ల పాపం. నాలుగు కాలేజీలు నింపిండు. పరీక్ష రోజు నూట రెండు జ్వరం. "పోకురా" అని తల్లి అన్నదట. కట్టిన ఫీజు మునుగుతదని పోయి రాసిండు. నాలుగు కాలేజీలకూ జ్వరం మార్కు పోయింది.

ఆ మార్కు వచ్చిననాడు వాళ్ల నాయిన మా రూంల కూసొని అన్న మాట నాకు ఇప్పటికీ యాదికున్నది. "సారూ, దుకాణంల ఉత్త జాకెట్టు ముక్క చినిగిందిస్తే గిరాకి చీర గూడ వాపస్ ఇస్తడు. నాకు తెలిసిన సంగతే. నా కొడుక్కు చెప్పనైతి." సారు తలకాయ దించిండు. రెండోసారి మంచి మార్కు వచ్చింది, ఒక కాలేజీ తీసుకున్నది, పిల్లగాడు బాగనే ఉన్నడు. కానీ ఆనాటి సంది నాకొకటి తెలిసింది: ఈ రూంల నష్టం మార్కు తక్కువొస్తే కాదు, ఏం పంపుతున్నమో చూడకుండ పంపితే.

వసుధ మేడం

పాత సారు పోయినంక వసుధ మేడం వచ్చింది. సన్నగ, పొడుగ్గ ఉంటది, కాటన్ చీర కట్టుకుంటది, నెత్తిల పెన్ను పెట్టుకొని పెన్ను కోసం దేవులాడుకుంటది. నేను చూసిన పెద్దమనుషులల్ల ఆమె అసుంటి మనిషి ఇంకోలు లేరు. ఈ మాట రాయి సుజాతా, మేడం చదివి కోప్పడ్డా సరే.

ఒకనాడు మోకిల దిక్కు కొత్త విల్లాలల్ల ఉండే పిల్లగాడు ఒకడొచ్చిండు. ఆ పరీక్ష నాలుగుసార్లు రాసిండు. నాలుగు కాయిదాలు మేజ మీద పరిచి, ఇంగ్లీషుల గడగడ చెప్తనే ఉన్నడు, చెప్తనే ఉన్నడు. మేడం రెండు చేతులతోని నొసలు పట్టుకున్నది. నేను చాయ్ పట్టుకొని పోయిన.

"అండాలమ్మా, నువ్వు ఇక్కడ కూర్చో" అన్నది.

"నేనెందుకు మేడం? నాకేం తెలుసు?"

"అందుకే కూర్చో." పిల్లగాని దిక్కు తిరిగింది. "చూడు నాన్నా, అవ్వకు ఇంగ్లీషు రాదు. శాట్ ఏందో తెల్వదు. ఈ నాలుగిట్ల ఏది పంపాలె, ఎందుకు పంపాలె, అవ్వకు చెప్పు. అంకె మాత్రం చెప్పొద్దు. అవ్వకు సమఝైతే పంపుదాం."

పిల్లగాడు నా మొహం చూసిండు, నేను వాని మొహం చూసిన. నాలుగు కాయిదాలు పక్కకు జరిపిండు. "అవ్వా, నాలుగోసారి రాసినప్పుడు మా డాడీ సెంటర్ బయట కార్ల కూసున్నడు. నేను కిటికీలకెల్లి కారునే చూసిన" అన్నడు. ఇంకా, "నాకు ఈ పరీక్ష అంటే ఇష్టం లేదవ్వా. నేను బొమ్మలు గీస్త" అన్నడు. సంచిల నుంచి ఒక బుక్కు తీసి చూపిచ్చిండు. అండ్ల మా రూం దర్వాజ ఉన్నది, దర్వాజ కాడ చాయ్ గ్లాసు పట్టుకొని నేనున్న. నా కాళ్ల పగుళ్లు గూడ గీసిండు, లుచ్చా!

మేడం నవ్వి, నాలుగు కాయిదాలు మడిచి వాని చేతిల పెట్టింది. "ఇవేవీ పంపొద్దు. మార్కు అడగని కాలేజీ, బొమ్మలు చూసే కాలేజీ వెతుకుదాం" అన్నది.

ఆ దినం సంది అదే రివాజు అయింది. కిటికీ కాడ రెండు కుర్సీలు ఎదురుబొదురు వేసినం. ఒకటి నాది, ఒకటి పిల్లలది. ఫారం పంపేముందు ప్రతి పిల్లా నా ముందట కూసొని చెప్పాలె. నాకు రెండే హుకుంలు ఇచ్చింది మేడం: విను. ఏం చెయ్యాలెనో మాత్రం చెప్పకు.

"ఎందుకు మేడం, చెప్తే ఏమైతది?" అని ఒకసారి అడిగిన.

"నీ మాట వాళ్లు వింటరు అండాలమ్మా. అందుకే చెప్పొద్దు" అన్నది.

ఆ మాట నాకు అప్పుడు మంచిగనిపించింది కానీ పూర్తిగ అర్థం కాలే.

ఏండ్లు గడిచినయి. ఎంతమంది కూసున్నరో ఆ కుర్సీల. అబద్ధమాడే పిల్లలు నా కండ్లల్లకు చూడరు, నా చాయ్ గ్లాసు దిక్కు చూస్తరు. నిజం చెప్పెటోళ్లు నడుమ ఆగుతరు. రాజకీయాలోళ్ల బిడ్డ ఒకామె సగం చెప్పి, "అవ్వా, ఇది మా ట్యూషన్ సారు మార్కు, నాది కాదు" అని లేచిపోయి, ఇంకోసారి రాసొచ్చింది. అసుంటి పిల్లలను చూసి నాకు ముచ్చటేసేది. పైసలున్నోళ్ల పిల్లలంటే నాకు మొదట్ల మంచి అభిప్రాయం లేకుండె. ఆ కుర్సీ నా అభిప్రాయం మార్చింది. అది గూడ రాయి.

నేను చేసిన తప్పు

ఇది చెప్పుడుకే అసలు కూసున్న.

ఆ బడిల కొన్ని సీట్లు ఉత్తగ ఇస్తరు, ఊర్లల్ల సర్కారు బడిల చదివి పదోతరగతిల మంచిగొచ్చిన పిల్లలకు. శ్రావణి గట్ల వచ్చింది. చేవెళ్ల అవతలి ఊరు. నాయిన యాదయ్య చామంతి పండిస్తడు. పిల్ల మొదటిరోజు హాస్టల్ మెస్సుల ఫోర్కు పట్టుకొని నా దిక్కు చూసింది. నేను చేతితోనే తిను అని సైగ చేసిన. అప్పటి సంది నా వెనుకనే ఉంటుండె. నన్ను అందరు అవ్వా అంటరు, ఆ పిల్ల అంటే మాత్రం నాకు లోపల వేరే ఉంటుండె. మా దిక్కు పిల్ల. నా అసుంటి ఇంటి పిల్ల.

ఢిల్లీ దిక్కు ఒక పెద్ద యూనివర్సిటీ ఉన్నది. ఆమెకు అది కావాలె. మొక్కలకు వచ్చే రోగాల మీద చదువుడు ఆమె ఆశ. వాళ్ల చామంతికి ఒక ఏడు ఆకుమచ్చ వచ్చి చేనంత నల్లగైందట, అప్పటి సంది. ఆ యూనివర్సిటీ కొంతమందికే ఫీజు, హాస్టలు, తిండి అన్నీ పెట్టుకుంటది. అట్ల దొరికితేనే శ్రావణి పోతది. లేకుంటే ఆ చదువు లేదు. యాదయ్య ముందే చెప్పిండు, "దొరికితే పో, లేకుంటే మొయినాబాద్ కాడ ఇంజినీరింగ్ కాలేజీల ఏదో ఒకటి" అని. ఏదో ఒకటి చదివినోళ్లు గూడ బతుకుతరు, కాదనను. కానీ ఆ పిల్లకు ఏదో ఒకటి వద్దు.

ఆ యూనివర్సిటీ శాట్ మార్కు నీ ఇష్టం అన్నది. పంపితే చూస్తం, పంపకుంటే లేదు. శ్రావణి రెండుసార్లు రాసింది. దీపావళి ముందు గురువారం నా ముందట కూసున్నది. రెండు కాయిదాలు ఒళ్లె పెట్టుకున్నది, అంకెలు పైకి కనిపిస్తున్నయి. నాకు అంకెలొస్తయని చెప్పిన కదా. పదహారు వందలకు మొదటిది వెయ్యి ఎనభై. రెండోది పన్నెండు వందల డెబ్బై.

నేను అప్పటికి పద్నాలుగు వందల యాభైలు, పదిహేను వందలు చూసి చూసి ఉన్న. ఇవి చిన్నయనిపించినయి.

పిల్ల ఇంక నోరు తెరవనే లేదు, "అవ్వా, మొదటిసారి..." అన్నది అంతే. నేను ఆమె చెయ్యి పట్టుకున్న. "బిడ్డా, ఇవి పంపకు. వాళ్లు పెద్ద పెద్దయి చూసెటోళ్లు. ఇవి చూస్తే ఫారం అవతల పారేస్తరు. ఇష్టమైతేనే అన్నరు కదా, మూసిపెట్టు" అన్న.

ఆమె మొహం తెల్లబోయింది. కాయిదాలు మడిచింది. "సరే అవ్వా" అన్నది. నేను మంచి పని చేసిననని సంబురపడ్డ. మన పిల్ల పరువు కాపాడిన అనుకున్న.

శుక్రవారం శ్రావణి సెలవు పెట్టి ఊరికి పోయింది. దీపావళికి చామంతికి గిరాకి, ఇంట్ల చేతులు చాలవు. ఫారం ఇంటికాడి నుంచే పంపుత అన్నది. శనివారం సాయంత్రం ఆరింటికి ఫారం బందైతది.

శనివారం పన్నెండు గంటలకు మేడం లిస్టు చూస్తున్నది. "శ్రావణి ఏం అనుకున్నది అండాలమ్మా?"

"ఏం పంపొద్దనుకున్నది మేడం. నేనే చెప్పిన" అన్న, గర్వంగ.

మేడం పెన్ను కింద పెట్టింది.

"నిన్ను ఏం చెయ్యమన్న?"

"వినుమన్నరు."

"ఏం చేసినవ్?"

"చెప్పిన."

ఒక్క మాట గట్టిగ అనలే. అంటే బాగుండు. కుర్సీ జరుపుకొని నా పక్కకు వచ్చింది. "అండాలమ్మా, వాళ్లు ఆమె రెండో అంకెను మన బడి పిల్లలతోని పోల్చరు. ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో చూసి పోలుస్తరు. బడి మార్కులు అందరివీ తొంభైలే, వాటితోని ఎవరు ఎవరో తెల్వదు. మిగిలిన పిల్లల ఫారాలల్ల క్యాంపులు, సర్టిఫికెట్లు, కప్పులు ఉంటయి. శ్రావణి ఫారంల ఏముంది? ఆమె గురించి సాక్ష్యం చెప్పేది అదొక్కటే. ఆ సాక్షి నోరు మనం మూసినం" అన్నది. మనం అన్నది. నువ్వు అనలే.

అప్పుడు తెలిసింది నాకు, పాత సారును ఇన్నేండ్లు ఎక్కిరించిన నేను, నా కడుపుల గూడ అదే వేలం పెట్టుకొని కూసున్న. పెద్ద అంకెలు చూసి చూసి నా కండ్లు ఖరాబైనయి. చేవెళ్ల మార్కెట్ల టమాట పండేటోని కష్టం తెలిసిన నేను, ఆ పిల్ల కాడ పండు సైజు ఒక్కటే చూసిన.

యాదయ్యకు ఫోన్ చేస్తే బంద్ ఉన్నది. శ్రావణికి వేరే ఫోన్ లేదు. మేడంకు ఆ రోజు తల్లిదండ్రుల మీటింగు, కదలరాదు. "రెండో మార్కు పంపుమని చెప్పాలె, డ్రైవర్ ను పంపుదాం" అన్నది.

"డ్రైవర్ ఏం చెప్తడు మేడం? చెడగొట్టింది నేను. నేనే పోత" అన్న.

చామంతి చేన్ల

మొయినాబాద్ చౌరస్తల బస్సు ఎక్కిన. పండుగ ముందు కదా, బస్సుల కాలు పెట్ట సందు లేదు. చేవెళ్లల దిగి, అరగంట నిలవడి ఆటో పట్టుకొని ఊరికి పోయే వరకు మూడు దాటింది. ఇంటికి తాళం. చేన్ల ఉన్నరని పక్కింటామె చూపిచ్చింది.

చేను పచ్చగ మెరుస్తున్నది. యాదయ్య గంప నెత్తికెత్తుకుంట నన్ను చూసిండు. "ఏందవ్వా, బడి విడిచిపెట్టి పూలు తెంప కూలికొచ్చినవా? పండుగ రేటు ఇయ్య, ముందే చెప్తున్న!"

"నీ కూలి నీకే ఉండని. నీ ఫోనేది?"

"పొద్దుగాల సంది కరెంటు లేకపాయె. చచ్చింది."

"నీ బిడ్డ ఫారం పంపిందా?"

"ఏమో, పూలు దించి ఊర్ల నెట్ సెంటర్ కు పోత అన్నది."

శ్రావణి సాలు నడుమ వంగి తెంపుతున్నది. వేళ్లు పసుపు రంగుకు మారినయి. నన్ను చూసి లేచింది, భయపడ్డది. "ఏమైందవ్వా?"

నేను గట్టు మీద కూసున్న. "ఇట్ల కూసో. గురువారం నాడు నేను కుర్సీల కూసొని నీ మాట వినలే. తప్పు చేసిన. ఇప్పుడు విన్నాకనే పోత. అంకె చెప్పొద్దు. ఇప్పుడు చెప్పు."

యాదయ్య గంప దించి, "గింత దూరం మాట వినొచ్చిన మనిషిని ఇయ్యాలనే చూస్తున్న" అని తనూ గట్టు మీద కూసున్నడు.

పిల్ల వచ్చి నా పక్కన కూసున్నది. "మొదటిసారి పోయినప్పుడు, అవ్వా, ఆ కంప్యూటర్ల ప్రశ్న మీద గీత గీసుకునేది యాడున్నదో తెల్వలే. పక్కన పోరి టకటక నొక్కుతున్నది. నేను అడుగుదామంటే ఇంగ్లీషుల ఎట్ల అడగాలెనో అని ఊకున్న. సగం టైం పోయింది." ఆగింది. "తర్వాత నాలుగు నెల్లు. వేసవిల ఇంటికొచ్చిన కదా. పొద్దుగాల పూలు తెంపి, మోటరు రూంల కూసొని బాపు ఫోన్ల లెక్కలు చేసేదాన్ని. ఇంగ్లీషు పాఠం బయటికి చదివితే బాపు ఏందే మంత్రాలు సదువుతున్నవ్ అనెటోడు."

"నిజమే, నేనేదో శివసత్తుల పూనకం అనుకున్న" అన్నడు యాదయ్య.

"రెండోసారి పోయినప్పుడు ఆ కంప్యూటర్ నాకు భయపడ్డదవ్వా" అని నవ్వింది.

"మరి గురువారం నాడు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పనియ్యలే కదా."

ఇగ ఏం చెయ్యాలెనో చెప్పొద్దు కదా, మేడం మాట. కానీ చెడగొట్టిన మాటనైతే వాపస్ తీసుకోవాలె. "నేనన్నది తప్పు బిడ్డా. ఆ అంకె చిన్నదని నేనన్న. అది నా కండ్ల రోగం. మేడం రెండోది పంపుమంటున్నది. నీ ఇష్టం నీది" అన్న.

పిల్ల చేను అవతల బోరు దిక్కు చూసింది. "రెండూ పంపుత."

నేను గాబరపడ్డ. మేడం గూడ ఒక్కటే అన్నది. నోటిదాక వచ్చింది మాట, "మొదటిది ఎందుకే" అని. పండ్లు బిగబట్టిన. అంత కష్టమైన పని నా పద్దెనిమిదేండ్ల నౌకరిల ఇంకోటి చెయ్యలే.

నా మొహం చూసి ఆమెనే చెప్పింది. "అవ్వా, బోరు పడ్డది అని చెప్తే సరిపోతదా? ఎన్ని ఫీట్లకు పడ్డదో చెప్పొద్దా? మొదటిది లేకుంటే రెండోది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకేం తెలుస్తది?"

యాదయ్య బోరు దిక్కు ఒకసారి, బిడ్డ దిక్కు ఒకసారి చూసిండు. ఆ బోరు మూడోసారికి పడ్డదని నాకు తర్వాత చెప్పిండు. అప్పుడేమో తువ్వాలతోని మొహం తుడుసుకొని, "ఇగ లేవుండ్రి, ఆరు కాకముందే" అన్నడు.

కరెంటు లేకుంటే నెట్ సెంటర్ గూడ బందే, అందుకే నా ఫోన్ తీసిచ్చిన. చేన్ల సిగ్నల్ లేదు. ముగ్గురం రోడ్డు మీదికి పోయినం. అక్కడ కల్వర్టు మీద నిలవడితే రెండు గీతలొచ్చినయి. శ్రావణి పసుపు వేళ్లు లంగకు తుడుసుకొని నింపింది. అద్దం మీద మొత్తం చామంతి రంగు. రెండు అంకెలు వేసింది. పక్కన రెండు లైన్ల జాగ ఉన్నదట, అండ్ల గూడ నాకు చెప్పిందే ఇంగ్లీషుల రాసింది. ఐదు ఇరవైకి పోయింది ఫారం. యాదయ్య గంపల నుంచి దోసెడు పూలు తీసి నా కొంగుల పోసిండు. "కూలి" అన్నడు.

సోమవారం మేడంకు రెండూ పంపిందని చెప్పిన. బోరు మాట గూడ చెప్పిన. "నేనైతే మొదటిది పంపనియ్యకపోదును" అన్నది మేడం. "ఆమె నాకన్న బాగ ఆలోచించింది." ఇరవై ఏండ్లు ఆ పనిల ఉన్న మనిషి, చాయ్ పెట్టే దాని ముందట ఆ మాట అన్నది. అందుకే ఆమె అంటే నాకు గౌరవం.

తర్వాత

ఫోన్ల ఇంటర్వ్యూకు పిలిచిండ్రు. ఎందుకు రెండు పంపినవ్ అని అడిగిండ్రట. అవ్వకు చెప్పినట్టే చెప్పిన అన్నది శ్రావణి. ఎండాకాలం మొదట్ల సీటు వచ్చింది, ఫీజు, హాస్టలు, తిండి అన్నీ వాళ్లే. ఆ రెండు మార్కులు పంపినందుకే వచ్చిందా అంటే నాకు తెల్వదు. మేడంను అడిగిన, ఆమెకూ తెల్వదు అన్నది. "తెలుసని చెప్పేటోళ్లను నమ్మకు" అన్నది. పంపకుంటే రాకపోయేదా అంటే అదీ తెల్వదు. కానీ ఒకటి తెలుసు. నా మాట మీద మూసిపెట్టుకొని పోయి ఉంటే, వచ్చినా రాకున్నా ఆ పిల్ల జిందగీ అంత వెయ్యి ఎనభైని దాచుకొని తిరిగేది. ఇప్పుడు అందరికీ చెప్పుకుంట తిరుగుతున్నది.

ఆ ఏడాది మళ్ల పిల్లలు కుర్సీల కూసునేటప్పుడు నేను ఒక కొత్త రివాజు పెట్టిన. మేడం చెప్పింది కాదు, నాది. పిల్ల కూసోంగనే, "కాయిదం బోర్ల పెట్టి చెప్పు బిడ్డా" అనేదాన్ని. అంకె నా కంటికి కనిపించొద్దు. పిల్ల కంటికి గూడ జరసేపు కనిపించొద్దు.

ఇగ సుజాతా, నీకు ఒక మాట. నీకు అక్షరాలొస్తయి, అంకెలొస్తయి, పర్సెంటేజీలొస్తయి. అందుకే నీకు నాకన్న కష్టం. నాకు అంకెలొక్కటే వస్తే ఇంత పని చేసినయి. పిల్ల దర్వాజ తీయంగనే నీకు అర్థమైపోతది, ఇది పెద్దదా చిన్నదా అని. అర్థమైందని అనుకున్న కాడనే తప్పు మొదలైతది. మొన్న నువ్వు అడిగినవ్ కదా, "అవ్వా, ఏ మార్కు పంపాలెనో పిల్లలు అడుగుతరు, ఏం చెప్పాలె?" అని. నీళ్లియ్యి. కుర్సీ జర దగ్గరికి జరుపు. కాయిదం బోర్ల పెట్టుమను. చెప్పినంతసేపు చెప్పనియ్యి, నడుమ చెయ్యి పట్టుకోకు, అయ్యో బిడ్డా అనకు. అంత అయినంక కాయిదం తిప్పాలె కదా, అప్పుడు నీ చెయ్యి ముందటికి పోతది. నాది గూడ పోయేది. వెనుకకు గుంజుకో. ఆ పిల్ల చెయ్యే తిప్పని.